పూల్ ఆడాలి, ఇల్లూ నడవాలి: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది?

పెళ్ళయి, ఉద్యోగం చేసుకుంటూ, క్యూ అనే పొడవాటి కర్రతో టేబుల్ మీది బంతుల్ని పాకెట్లలోకి కొట్టే పూల్‌నో స్నూకర్‌నో పోటీల స్థాయిలో ఆడాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "వారానికి ఎన్ని గంటలు కావాలి?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "ఇంటికి ఎన్నింటికి వస్తానో బయలుదేరే ముందే చెప్పగలనా?" అనేది. వారానికి ఆరు గంటలు ఆడినా చెప్పిన టైముకి గుమ్మంలో ఉండేవాళ్ళ ఇళ్ళలో గొడవలు తక్కువ. మూడు గంటలే ఆడుతూ, "ఇదిగో బయలుదేరుతున్నా" అంటూ పదకొండు చేసేవాళ్ళ ఇళ్ళలోనే మాటలు పెరుగుతాయి. ఆ మూడు గంటలూ ఇంట్లో ఇంకొకరు వంట చేసి, పిల్లల చేత హోంవర్క్ చేయించి, వాళ్ళని పడుకోబెట్టి, మీ ఫోన్ కోసం చూస్తూ కూర్చున్నారు. వాళ్ళకి బరువయ్యేది ఆ ఎదురుచూపే.

అందుకని కింద చెప్పే ప్రతి పద్ధతినీ ముందు ఈ కోణంలోనే తూచాను. ఆట ఎంత మెరుగవుతుంది, ఒక వారం మానేస్తే ఏమవుతుంది అన్నవి ఆ తర్వాత.

పూలా, స్నూకరా?

మన ఊళ్ళలో చాలా పూల్ పార్లర్లలో రెండు రకాల టేబుళ్ళూ ఉంటాయి కాబట్టి ఏది సీరియస్‌గా తీసుకోవాలన్నది మీ చేతిలోనే ఉంది. టైము దృష్టితో చూస్తే రెండింటికీ చాలా తేడా ఉంది.

స్నూకర్ టేబుల్ పన్నెండు అడుగులది. బంతి 52.5 మిల్లీమీటర్లు, పాకెట్లు ఇరుకు. పదిహేను ఎర్ర బంతులూ, ఆరు రంగు బంతులూ పడేదాకా ఫ్రేమ్, అంటే ఒక ఆట, సాగుతుంది. ఇద్దరూ ఒకే స్థాయి వాళ్ళయి, ఇద్దరూ జాగ్రత్తగా సేఫ్టీ (ఎదుటివాళ్ళకి తేలిక షాట్ దొరక్కుండా తెల్ల బంతిని ఆపడం) ఆడితే ఒక్క ఫ్రేమే నలభై నిమిషాలు దాటుతుంది. ముందుగా మూడు ఫ్రేములు గెలిచినవారిదే మ్యాచ్ అనుకుంటే అది గంటలో అయిపోవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు. ఇంట్లో ఏ టైము చెప్పి బయలుదేరుతారు?

పూల్ టేబుల్ ఏడు, ఎనిమిది, తొమ్మిది అడుగుల్లో వస్తుంది. బంతి పెద్దది, 57.15 మిల్లీమీటర్లు. ఎయిట్ బాల్‌లో మీ గుంపులోవి ఏడు, ఆపైన నల్ల బంతి, అంతే. నైన్ బాల్‌లో టేబుల్ మీద ఉన్నవాటిలో తక్కువ నంబర్ బంతిని ముందు తాకాలి, తొమ్మిదో నంబర్ పడితే ఆట ముగిసినట్టే. మధ్యరకం ఆటగాళ్ళకి ఒక ర్యాక్, అంటే ఒక ఆట, పది నిమిషాలకు అటూ ఇటూ. ముందుగా అయిదు ర్యాక్‌లు గెలవాలన్న మ్యాచ్ ఎంత సాగదీసినా తొమ్మిది ర్యాక్‌లు దాటదు. గంటన్నర అని ఇంట్లో చెప్పి వెళ్తే మాట నిలబెట్టుకోవచ్చు.

స్నూకర్ మీద మనసున్నవాళ్ళని వదిలేయమని చెప్పడం నాకు ఇష్టం లేదు. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టిన ఆట అది. అది పుట్టిన దేశం మనది. 1980ల చివర్లో గుంటూరులో జరిగిన జాతీయ పోటీల్లో మన బిలియర్డ్స్ చాంపియన్ గీత్ సేథీ 147 బ్రేక్ (ఒకే విడతలో వరుసగా సాధించిన పాయింట్లు) కొట్టారు. అంటే ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు అంటూ, చివర్న ఆరు రంగు బంతులతో కలిపి ముప్పై ఆరుసార్లు ఒక్కటి కూడా తప్పకుండా వేయడం. అది మన గుంటూరులో జరిగిందంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అలాంటి ఆటని కేవలం టైము కోసం పక్కన పెట్టాల్సిన పని లేదు. సిక్స్ రెడ్ ఆడండి. ఎర్ర బంతులు పదిహేను బదులు ఆరే ఉంటాయి, మిగతా రూల్సు దాదాపు అవే, అత్యధిక బ్రేక్ 75. ఫ్రేమ్ పావుగంటలోపే ముగిసే అవకాశం ఎక్కువ. ఇదేదో పిల్లల ఆట అనుకోకండి. దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది, మన దేశపు ఆటగాడు పంకజ్ అద్వానీ 2014, 2015లో వరుసగా గెలిచింది ఆ టైటిలే.

నా సలహా: ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే పూల్ లేదా సిక్స్ రెడ్. పూర్తి స్నూకర్ సెలవు రోజు ఉదయాలకి పెట్టుకోండి.

ఆఫీసు అయ్యాక పార్లర్

ఎక్కువ మంది ఉన్న దారి ఇదే. అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే అని నా అభిప్రాయం. ఖర్చు వల్లో దూరం వల్లో అంటున్న మాట కాదిది. అక్కడి ఆనవాయితీయే అలాంటిది.

చాలా పార్లర్లలో ఓడినవాళ్ళే టేబుల్ డబ్బులు కట్టాలి. ఎనిమిదిన్నరకి లేవాలనుకున్న మనిషి ఎనిమిదిన్నరకి ఓడిపోతే, ఆ డబ్బులు తిప్పికొట్టడానికి ఇంకో ఫ్రేమ్ అంటాడు. గెలిస్తే అవతలివాడు "ఇంకొక్కటి భయ్యా" అంటాడు, గెలిచి లేచిపోతే మర్యాద కాదనిపిస్తుంది. ఓడినా గెలిచినా ఇంటికి బయలుదేరే దారి మూసుకుపోతుంది. దీనికి విరుగుడు తేలికే: టేబుల్ డబ్బులు సగం సగం అని మొదలుపెట్టే ముందే అనుకోండి. ఒప్పుకోనివాళ్ళతో పని రోజుల్లో ఆడకండి. పార్లర్ అబ్బాయికి కూడా "గంటన్నరకి లైటు ఆపేయ్" అని ముందే చెబితే అతనే గుర్తు చేస్తాడు.

పందెం గురించి ఒక్క మాట. ఫ్రేమ్‌కి వంద, రెండు వందలతో మొదలయ్యే పందాలు ఎక్కడికి వెళ్తాయో ఈ ఆట చుట్టూ తిరిగినవాళ్ళందరికీ తెలుసు. సంసారం ఉన్నవాళ్ళకి అది అసలు వద్దు. ఆటలో టెన్షన్ కావాలంటే టోర్నమెంట్ ఎంట్రీ ఫీజు కట్టండి, అది ఎంతో ముందే తెలుస్తుంది, అక్కడితో ఆగుతుంది.

ఇక ఉద్యోగం. హైదరాబాద్‌లో అమెరికా టీములతో పనిచేసేవాళ్ళకి సాయంత్రం ఏడు నుంచి పది మధ్య కాల్స్ ఉంటాయి. ఆరున్నరకి పార్లర్‌కి వెళ్ళి, ఏడున్నరకి ఇయర్‌ఫోన్ పెట్టుకుని కాల్‌లో ఉంటూ షాట్లు కొట్టేవాళ్ళని చూస్తుంటాం. ఆ కాల్‌లో మీరు లేరు, ఆ షాట్‌లోనూ లేరు. అలాంటి ఉద్యోగమైతే పని రోజుల సాయంత్రాలు వదిలేయడమే మంచిది. ఆఫీసులోనే పూల్ టేబుల్ ఉంటే భోజనం తర్వాత ఓ ఇరవై నిమిషాలు, జనం గుమిగూడే టైములో కాకుండా, ఒక్కరే స్టాప్ షాట్లు (తెల్ల బంతి ఇంకో బంతిని తాకిన చోటే ఆగిపోయే షాట్లు) సాధన చేయండి. అది ఎవరి టైమునీ తినదు.

ఆట మెరుగవుతుందా అంటే, పార్లర్ సాయంత్రాల వల్ల అనుకున్నంత మెరుగవదు. రెండు గంటల్లో మీరు టేబుల్ దగ్గర ఉండేది సగం టైమే, మిగతా సగం కుర్చీలో. పైగా రోజూ అదే ముగ్గురు నలుగురితో ఆడితే వాళ్ళని ఎలా ఓడించాలో వస్తుంది తప్ప, కొత్తవాళ్ళ మీద ఆడే ఆట రాదు.

ఒంటరి ప్రాక్టీస్

పోటీలకి తయారయ్యే సంసారులకి నేను మొదట చెప్పేది ఇదే. ఒక్కరే గంటసేపు సాధన చేస్తే ఆ గంటంతా మీదే. ఎదుటివాళ్ళు ఆలస్యంగా రావడం ఉండదు, ఇంకో ఫ్రేమ్ అనేవాళ్ళు ఉండరు, అలారం మోగగానే క్యూ విప్పి సంచిలో పెట్టుకుని రావచ్చు.

విసుగొస్తుందని చాలామంది దీన్ని తప్పించుకుంటారు. విసుగు రాకుండా "ఘోస్ట్"తో, అంటే కనిపించని ఊహా ప్రత్యర్థితో, ఆడండి. నైన్ బాల్ పేర్చి బ్రేక్ చేయండి, అంటే మొదటి దెబ్బతో బంతుల్ని చెదరగొట్టండి. బ్రేక్ తర్వాత తెల్ల బంతిని మీకు నచ్చిన చోట పెట్టుకోవచ్చు. అక్కడి నుంచి అన్ని బంతులూ వరుసగా వేసేస్తే ర్యాక్ మీది. ఒక్కటి తప్పినా ర్యాక్ ఘోస్ట్‌ది. ముందుగా ఏడు గెలిచినవారిదే మ్యాచ్. కొత్తవాళ్ళు తొమ్మిది బంతులతో మొదలుపెడితే మనసు విరుగుతుంది. మూడు బంతులతో మొదలుపెట్టండి, మూడింటి మీద ఘోస్ట్‌ని తరచుగా ఓడిస్తుంటే నాలుగు, ఆ తర్వాత అయిదు. ప్రతి వారం స్కోరు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆట ఎటు పోతోందో స్పష్టంగా కనిపిస్తుంది. స్నూకర్ వాళ్ళకి ఎర్ర బంతులన్నీ టేబుల్ మధ్యలో నిలువుగా పేర్చి ఆడే లైనప్ ఉండనే ఉంది.

టైము విషయంలో, పార్లర్ తెరవగానే వెళ్తే టేబుల్ ఖాళీగా ఉంటుంది, పొగ వాసన ఉండదు, పక్క టేబుల్ కేకలు ఉండవు. శనివారం ఉదయం పిల్లలు డ్యాన్స్ క్లాసుకో క్రికెట్ కోచింగ్‌కో వెళ్ళే గంటన్నర ఉంటే దానికి సరిగ్గా సరిపోతుంది. పాత క్లబ్బుల్లో సభ్యత్వం ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. బిలియర్డ్స్ గది ప్రశాంతంగా ఉంటుంది, అనుభవం ఉన్న మార్కర్ (స్కోరు చూసే క్లబ్ ఉద్యోగి) పక్కన నిలబడి మీ మోచేయి పక్కకి పోతోందని చెప్పగలడు. కానీ ఈ ఆట కోసమని క్లబ్ సభ్యత్వం కొనుక్కోమని ఎవరికీ చెప్పను.

ఒక లోటు ఉంది: ఒంటరి ప్రాక్టీస్‌లో గుండె దడ ఉండదు. మ్యాచ్‌లో నల్ల బంతి ముందు చేయి వణికే అనుభవం ఘోస్ట్ ఇవ్వదు. దానికి లీగో టోర్నమెంటో కావాలి.

వారానికొక రాత్రి లీగ్

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది చాలా మంచి దారి. అక్కడ 1979లో మొదలైన అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్, అందరూ ఏపీఏ అనేది, వారానికొక రాత్రి టీమ్ మ్యాచ్‌లు నడుపుతుంది. టీమ్‌లో ఎనిమిది మంది వరకు ఉండవచ్చు, ఒక రాత్రి ఆడేది మాత్రం అయిదుగురే. సంసారం ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. బాబుకి జ్వరం వచ్చినా, ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్ పడినా, ఊరి నుంచి అత్తయ్యా మామయ్యా వచ్చినా ఆ రాత్రి మీరు లేకుండా టీమ్ ఆడుతుంది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు.

ఆటగాళ్ళకి స్థాయి అంకెలుంటాయి. ఎయిట్ బాల్‌లో 2 నుంచి 7 వరకు, నైన్ బాల్‌లో 1 నుంచి 9 వరకు. తక్కువ అంకె ఉన్నవాళ్ళు తక్కువ ర్యాక్‌లు లేదా తక్కువ పాయింట్లు గెలిస్తే చాలు. ఒక రాత్రి ఆడే అయిదుగురి అంకెలు కలిపి 23 దాటకూడదు. అందువల్ల మొనగాళ్ళందరూ ఒకే టీమ్‌లో చేరడం కుదరదు, వారానికి ఒక్కరోజే ఆడేవాళ్ళకి కూడా ప్రతి టీమ్‌లో చోటు దొరుకుతుంది.

టైము మాటకొస్తే, అయిదు మ్యాచ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి ఒకే టేబుల్ మీద పడితే రాత్రి చాలా పొద్దుపోతుంది. కెప్టెన్‌తో ముందే మాట్లాడి మొదటి రెండు మ్యాచ్‌లలో మీ పేరు పెట్టించుకోండి. చిన్న పిల్లలున్నవాళ్ళు అడిగితే కాదనే కెప్టెన్లు తక్కువ. మ్యాచ్‌లు సాధారణంగా బార్లలోనే జరుగుతాయి కాబట్టి డ్రైవింగ్ మీదేనని ఇంట్లోనూ టీమ్‌లోనూ ముందే చెప్పేయండి, గ్లాసు గురించి ఎవరూ అడగరు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మీకు దగ్గరలో ఇలాంటి వారపు లీగ్ లేకపోతే మీరే పెట్టుకోవచ్చు. ఎనిమిది మంది స్నేహితులు, రెండు టేబుళ్ళు, నెలకి రెండు గురువారాలు, తొమ్మిదిన్నరకి ఆట బంద్. ముగియని మ్యాచ్ అప్పుడున్న స్కోరు మీదే లెక్క. ఈ చివరి రూలు మీద మాత్రం పట్టుబట్టండి, మిగతావి ఎలా ఉన్నా ఫరవాలేదు.

వారాంతం టోర్నమెంట్లు

పోటీ రుచి అసలు ఇక్కడే ఉంది. టైము మీద పట్టు లేనిది కూడా ఇక్కడే. ఎంత బాగా ఆడితే అంత ఆలస్యంగా ఇంటికొస్తారు. ఆ లెక్క ఇంట్లోవాళ్ళకి ముందే అర్థమయ్యేలా చెప్పాలి.

ముప్పై రెండు మంది, ఓడితే ఇంటికే అనే పద్ధతి అయితే ఫైనల్‌కి వెళ్ళినవాళ్ళకి అయిదు మ్యాచ్‌లు. ఒక్కోటి ముప్పావు గంట, మధ్యలో ఎదురుచూపులు కలుపుకుంటే ఆరేడు గంటలు. అదే రెండుసార్లు ఓడితేనే బయటికి పంపే డబుల్ ఎలిమినేషన్ అయితే, మొదటి మ్యాచ్ ఓడి, ఓడినవాళ్ళ వైపు నుంచి ఒక్కొక్కరినీ గెలుచుకుంటూ టైటిల్ దాకా వెళ్ళాలంటే మొత్తం పదకొండు మ్యాచ్‌లు పడతాయి. అది రోజంతా పట్టే పని, ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది. ఆ రోజు సాయంత్రం పుట్టినరోజు పార్టీ ఉంది, నాలుగింటికల్లా వచ్చేస్తాను అని చెప్పి వెళ్తే ఇంకో గెలుపు వచ్చినప్పుడల్లా మనసు రెండుగా చీలుతుంది. అలా సగం మనసుతో ఆడిన మ్యాచ్ ఓడిపోతాం, పార్టీకీ సగం మనసుతోనే వెళ్తాం.

కాబట్టి టోర్నమెంట్ రోజుని పూర్తిగా టోర్నమెంట్‌కే ఇవ్వగలిగితేనే పేరు ఇవ్వండి. ఏడాదికి రెండో మూడో చాలు. క్యాలెండర్ ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి ఎంచుకోండి. మార్చిలో పిల్లల పరీక్షలు, సంక్రాంతికి ఊరు, దసరా సెలవులు, శ్రావణంలో పెళ్ళిళ్ళు తీసేస్తే మిగిలే వారాంతాలు ఎలాగూ ఎక్కువ ఉండవు. అందులో మీ స్థాయికి తగ్గవి ఎంచుకోండి. అమెరికాలో చాలా టోర్నమెంట్లకి ఫార్గో రేటింగ్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) హద్దులుంటాయి. ఇద్దరి మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే పైవాళ్ళు రెండు ర్యాక్‌లు గెలిచేలోగా కిందివాళ్ళు ఒకటి గెలుస్తారని ఆ రేటింగ్ లెక్క. మీకంటే రెండు వందలు ఎక్కువున్నవాళ్ళతో నిండిన చోట ఆదివారం పోగొట్టుకునే బదులు, మీ హద్దులో ఉన్న టోర్నమెంట్‌లో ఆడితే నాలుగు మంచి మ్యాచ్‌లు దొరుకుతాయి.

రాష్ట్ర స్థాయి, ఆపైన బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నడిపే జాతీయ పోటీలు వేరే సంగతి. అవి రోజుల తరబడి సాగుతాయి. ఓఎన్‌జీసీలో ఉద్యోగం చేస్తూ పంకజ్ అద్వానీ ఆడినట్టు, ఆటగాళ్ళని ఆదుకునే సంస్థలో ఉన్నవాళ్ళకి దారి ఉంటుంది. ప్రైవేటు కంపెనీలో ఉన్నవాళ్ళకి ప్రతి రోజూ సొంత సెలవుల్లోంచే పోతుంది. కుటుంబంతో తిరగాల్సిన సెలవులన్నీ అటు పోస్తే ఆ ఏడాది పిల్లలు మీతో ఏ ఊరూ చూడరు. సెలవుల్లో సగం ముందే ఇంటికి రాసిపెట్టి, మిగతా సగంలో ఎంత దూరం ఆడగలిగితే అంత దూరం ఆడండి.

ఇంట్లోనే టేబుల్

ఇది చాలామంది కల. టేపు పట్టుకుని కొలిస్తే అపార్ట్‌మెంట్లలో కుదరదని అక్కడికక్కడే తేలిపోతుంది. క్యూ పొడవు 58 అంగుళాలు, చుట్టూ అది ఆడాలి కాబట్టి ఎనిమిదడుగుల టేబుల్‌కి దాదాపు పదమూడున్నర అడుగుల వెడల్పు, పదిహేడు అడుగుల పొడవున్న గది కావాలి. పైగా రాతి పలకల టేబుల్ కొన్ని వందల కిలోల బరువు. సొంత ఇల్లు, కింది అంతస్తులో పెద్ద హాలు ఉంటే సంతోషంగా పెట్టుకోండి, పిల్లలూ ఆడతారు. క్యూలు పొట్టివి కొని ఇరుకు గదిలో సర్దుకోవద్దు, స్ట్రోక్ పాడవుతుంది.

ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళకి డైనింగ్ టేబుల్ చాలు. ఖాళీ సీసా ఒకటి పడుకోబెట్టి, క్యూ కొన మూతికి తగలకుండా లోపలికీ బయటికీ నడపండి. పది నిమిషాలు రోజూ చేస్తే స్ట్రోక్ తిన్నగా వస్తుంది. పిల్లలు పడుకున్నాక కూడా చేసుకోవచ్చు, చప్పుడు ఉండదు.

ఎవరికి ఏది

రెండేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇంట్లో: వారానికి ఒక గంట ఒంటరి ప్రాక్టీస్, సీసా సాధన. లీగ్ ఈ సీజన్‌కి వద్దు. ఆట ఎక్కడికీ పోదు, ఈ ఆటలో నలభై దాటాక కూడా పెద్ద టైటిళ్ళు గెలుస్తారు.

బడికి వెళ్ళే పిల్లలుంటే: శనివారం ఉదయం ఒకటిన్నర గంట సాధన, నెలకి రెండు లీగ్ రాత్రులు, ఏడాదికి రెండు టోర్నమెంట్లు. నేను చూసినంతలో ఎక్కువ కాలం నిలబడే ఏర్పాటు ఇదే.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే: మీ లీగ్ రాత్రి కంటే ముందు అవతలివాళ్ళ సాయంత్రం క్యాలెండర్‌లో పడాలి. వాళ్ళకి యోగా క్లాసు ఉండొచ్చు, స్నేహితులతో సినిమా ఉండొచ్చు, ఏమీ చేయకుండా కూర్చోవాలనీ ఉండొచ్చు. ఆ సాయంత్రం పిల్లలు, వంట, గిన్నెలు మీవి. "నువ్వూ ఏదో ఒకటి పెట్టుకో" అని నోటితో అనేసి ఊరుకుంటే లెక్క సరిపోదు.

ఇంట్లో ఆడేది భార్య అయితే ఇంకో విషయం కూడా చూడాలి. రాత్రిపూట పార్లర్ వాతావరణం చాలాచోట్ల ఆడవాళ్ళకి సౌకర్యంగా ఉండదు. ఉదయం సెషన్లు, క్లబ్ టేబుల్, ఇద్దరు ముగ్గురు మహిళలు కలిసి తీసుకున్న టేబుల్ మెరుగు. "నీకెందుకమ్మా ఈ ఆట" అనే మాట అత్తగారింట వినిపిస్తే, దానికి జవాబు చెప్పాల్సింది భర్తే.

తల్లిదండ్రులు మీ దగ్గరే ఉంటే, వాళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఎక్కువగా పడే రోజున ఏదీ పెట్టుకోకండి. ఫోన్ మాత్రం మ్యాచ్‌లో కూడా ఆన్‌లోనే ఉండాలి. వైబ్రేషన్‌లో పెట్టి స్కోరు రాసేవారి దగ్గర ఉంచుకోవచ్చా అని రెఫరీని ముందే అడగండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా మూడు నెలలకొకసారి ఇంట్లో అడగండి: "చెప్పిన టైముకి వస్తున్నానా?" రావట్లేదంటే గంటలు తగ్గించకండి, పద్ధతి మార్చండి. పార్లర్ నుంచి ఒంటరి ప్రాక్టీస్‌కి, డబుల్ ఎలిమినేషన్ నుంచి నాకౌట్‌కి, లీగ్‌లో చివరి మ్యాచ్ నుంచి మొదటి మ్యాచ్‌కి. వస్తున్నారంటే, వచ్చే ఏడాదికి మూడో టోర్నమెంట్ గురించి మాట్లాడటానికి అదే సరైన సమయం.